మోత వెనక నాయిన గొంతు

హెడ్‌ఫోన్లల్ల గుయ్యిమనే మోత పోగొట్టనీకి రెండు నెలలు తిప్పలు పడ్డ. పాటలు ఇనడానికి కాదు. ఆ మోత వెనక మా నాయిన ఉన్నడు.

నాయిన బొగ్గుబాయిల ఎలక్ట్రీషన్. రిటైరైనంక సారపాకల రెండర్రల ఇల్లు కట్టిండు, నాకు ఇక్కడ పేపర్ మిల్లు కాంటా మీద నౌకరి ఉందని. జామాయిల్ లారీలు కాంటా ఎక్కుతుంటే టోకెన్లు కొట్టుడు నా పని. పోయిన ఎండాకాలం నాయిన ఖమ్మం దవాఖానల పడ్డడు. పది రోజులు మంచం పక్కనుంచి కదలని అమ్మ, ఆ పొద్దున ఇడ్లీలు తేనీకి కిందికి పోయింది. ఆ పావుగంటలనే ఆయన పోయిండు. అప్పటిసంది అమ్మది ఒక్కటే మాట.

"నన్ను అడిగిండా బిడ్డా?"

అడిగిండో లేదో నాకే తెల్వదు. ఏదో అన్నడు. నేనప్పుడు ఫోన్ల ఉన్న. లారీ నంబర్ తప్పు పడిందని సూపర్‌వైజర్ లొల్లి పెడుతుండె. ఆ ముచ్చట అమ్మకు చెప్పనీకి నాకు నోరు రాలే. "నిద్రల పోయిండమ్మా" అన్న. అయినా మర్నాడు మళ్ల అదే అడిగేది. అన్నం ముందు కూసొని గూడ అడిగేది.

నా ఫోన్ల మాట్లాడిన ప్రతి కాల్ దానంతటదే రికార్డ్ అయితది. ఒక దినం అది యాదికొచ్చి వెతికితే ఆ పొద్దటి కాల్ దొరికింది. సూపర్‌వైజర్ అరుపుల నడుమ, ఎక్కడో దూరంగ, నాయిన గొంతు. చీమంత ఉంది. కంప్యూటర్లకు ఎక్కించి సౌండ్ పెంచి ఇందామనుకున్న. పెంచితే నాయిన గొంతుతోని మోత గూడ పెరిగింది.

మోత అంటే ఒక్కటి కాదు, రెండు. మౌస్ కదిపినప్పుడల్లా చెవుల కీచుమనేది. దాని కింద ఆగకుండ గుయ్యిమని ఇంకోటి. సెల్ షాపాయన "హెడ్‌ఫోన్ పిన్ను ముందటి రంధ్రంల పెట్టకక్కా, వెనకాల పెట్టు" అన్నడు. పెట్టిన. కొంచెం నయం, అంతే. మళ్ల పోయి ఆయన మీద అరిచిన. నాకు ముక్కు మీదనే కోపం. పాపం ఆయన ఓపిగ్గ చెప్పిండు. కంప్యూటర్ డబ్బా లోపట తిరిగే కరెంటు లొల్లంతా పాటల తీగల కలుస్తదంట. బయట తగిలిచ్చుకునే చిన్న సౌండ్ కార్డు కొనుక్కోమన్నడు. కొన్న. కీచుమనుడు పోయింది. గుయ్యిమనేది మాత్రం ఉన్నకాడనే ఉంది.

నిజం చెప్తున్న, కొన్ని దినాలు ఆ గుయ్యిమనేది నాయిననే అనుకున్న. నా మీద కోపంగ ఉన్నడు, అందుకే మాట ఇననిస్తలేడు అనుకున్న. పట్టపగలు గూడ కంప్యూటర్ ఉన్న అర్రలకు ఒక్కదాన్నే పోవాలంటే భయం పుట్టేది.

ఒక ఆదివారం పొద్దున యాష్టకొచ్చి కంప్యూటర్ డబ్బాను చేత్తోని ఒక్కటి చరిచిన. కాళ్లకు చెప్పుల్లేవు. చెయ్యి జివ్వుమంది. అప్పుడు వెలిగింది, ఇంట్ల ఎర్తు సచ్చిపోయిందని, ఆ గుయ్యిమనుడు గూడ దాంతోనే అని.

లీకైన కరెంటు భూమిలకు దిగనీకి ఇంటెనక ఎర్తు గుంత నాయిననే తవ్విండు. బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగ పోసి రాడ్డు దింపిండు. గుంత తడి ఆరితే ఎర్తు పనిచెయ్యదని రోజూ పండ్లు తోముకోంగనే దాంట్ల బకెట్ నీళ్లు పోసేటోడు. "తులసమ్మకు నేను, ఎర్తమ్మకు మీ నాయిన" అని అమ్మ ఎక్కిరిచ్చేది. ఆయన నవ్వకపోయేది. బాయిల ఎర్తు లేని మిషన్ ముట్టి దోస్తు పోయిండని ఒక్కసారే చెప్పిండు, మళ్ల ఎత్తలే.

నాయిన పోయిన మూడో దినం పిట్టకు అన్నం పెట్టినం. బొందల గడ్డ కాడ ఎంతసేపు చూసినా ఒక్క కాకి ముట్టలే. కోరిక మిగిలిందని చుట్టాలు గుసగుసలాడిన్రు. అమ్మ ఇంటికొచ్చి మళ్ల వండి, ఇంకో విస్తరేసి, ఆయన పొద్దున పొద్దున నిలబడే జాగ అని ఎర్తు గుంత మీద పెట్టింది. కాకి వచ్చి ముట్టింది. "వచ్చిండు" అని అమ్మ బోరుమంది. తెల్లారి ఎవలూ తొక్కొద్దని ఆ గుంత మీద బండ కప్పిచ్చింది. ఇగ నీళ్లు పోసుడు ఎక్కడిది? మాకెవలికి ఆ సోయే లేకపాయె.

బండ తియ్యాలె అంటే అమ్మ నా మీదికి లేచింది.

"కాకి ముట్టిన జాగనే అది! ఆయన మీద నీళ్లు గుమ్మరిస్తవానే?"

"రోజూ పోసింది ఆయనే కదమ్మా. మనం ఎండవెట్టినం."

అమ్మ లేసి కొంగు నడుముకు చెక్కి, బండకు ఒక దిక్కు తనే పట్టింది. లోపట మన్ను నెర్రెలు బాసింది. మొదటి బకెట్ పోస్తే నీళ్లు ఎటుపోయినయో తెల్వదు. అమ్మ ఏడ్సుకుంట ఇంట్లకెళ్లి ఉప్పు తెచ్చి పోసింది. పగటాల్లకు ఏడు బకెట్లు తాగింది గుంత.

హెడ్‌ఫోన్లు పెట్టుకున్న. మోత లేదు. గాలి లేనట్టు ఉంది లోపట. సూపర్‌వైజర్ "నంబర్ మళ్ల చెప్పు" అన్నడు. దాని వెనక, పక్కనే కూసున్నట్టు, నాయిన.

"బిడ్డా... మీ అమ్మను..."

"ఆగు నాయినా! ఫోన్ల ఉన్న, కనబడ్తలేదా?"

అది నేను. గట్టిగ, కసిరినట్టు. నా అరుపు కింద ఆయన ఇంకా ఏదో అంటనే ఉన్నడు, ఒక్క మాట తెలుస్తలేదు. నేను ఆపేసరికి ఆయన గూడ ఆపిండు. తర్వాత నేను లారీ నంబర్ చెప్తున్న, ఒక్కొక్క అంకె ఇడమరిచి, ఎంత మంచిగ ఇనబడుతుందో.

"ఇటియ్యి" అని అమ్మ చెయ్యి చాపింది. నేను ఇయ్యలే. తనే నా చెవులమీదికెళ్లి గుంజుకున్నది. మొత్తం ఇన్నది. నేను గోడ దిక్కు తిరిగి నిలబడ్డ. తిడ్తదనుకున్న. తిడితే బాగుండు.

"అడిగిండు" అన్నది. హెడ్‌ఫోన్లు తియ్యకుండనే, "దీన్ని నడిమిట్ల ఎట్ల ఆపుతరు?" అన్నది.

కీబోర్డు మీద కింద పొడుగ్గ ఉన్న బటన్ చూపిచ్చిన.

ఇప్పుడు రోజూ పగటన్నం తిన్నంక అమ్మ ఆ కుర్చీల కూసుంటది. "మీ అమ్మను" అన్నదాక ఇంటది. నా గొంతు మొదలుగాక ముందే నొక్కుతది. ఇప్పటిదాక ఒక్కసారి గూడ తప్పలే.