గెడ్డ నీళ్లు తాగొచ్చాం

మా మరిది అప్పలరాజు కాగితం తెచ్చి సంతకం పెట్టమన్నాడు. ఈ ప్రయాణం అక్కడ మొదలైంది.

విశాఖపట్నంలో మా వీధి వెనక ఒక గెడ్డ, అంటే కొండ మీంచి దిగే వాగు, ఉంది. దాని మీద సిమెంటు పలకలు వేయించి మూసెయ్యాలని వీధంతా సంతకాలు చేసింది. వీధి సంఘానికి కార్యదర్శి మా మరిదే. నా సంతకం ఒక్కటే మిగిలింది. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక. చదవకుండా ఏ కాగితం మీదా పేరు పెట్టను. చదివాను. "మురుగు కాలువ" అని రాసుంది.

"కాలవేటి? ఇది గెడ్డ" అన్నాను.

"ఇశాపట్నంలో రెండూ ఒకటే వదినా. బేగి పెట్టు, సోమవారం ఆఫీసులో ఇచ్చెయ్యాల."

వాళ్ల బాధ అబద్ధం కాదు. కంపు, దోమలు. పోయిన తుపానుకి నీళ్లు నా మంచం పట్టీ దాకా వచ్చాయి. మూసేస్తే పీడ వదుల్తుందని వాళ్లు అనుకున్నారు. మూసేస్తే ఆ నీళ్లు ఎటు పోతాయని నేను అడుగుతాను. ఒకప్పుడు సాయంత్రం చల్లగాలి ఆ గెడ్డ దారినే వచ్చేది. ఇప్పుడు దీపాలు పెట్టే వేళ దాటినా గోడలు పెనంలా కాలుతుంటాయి. ఉన్న ఆ కాస్త సందు కూడా కప్పేస్తే ఇంక ఉడకడమే.

కొండ చీపుళ్లు అమ్మడానికి ఏటా మా వీధికొచ్చే సుక్రి ఉంది, అరకు అవతల మనిషి. మధ్యాహ్నం మా అరుగు మీదే కూచుని అన్నం తింటుంది. తన ఊళ్లో గెడ్డ నీళ్లే తాగుతామని చాలాసార్లు చెప్పింది. నేను ఆ మాట అంటే మా మరిది పడీపడీ నవ్వాడు.

"మే నెల్లో గెడ్డలో నీల్లుండి, మనిసి తాగితే ఈ కాగితం నేనే సింపేత్తాను."

"తాగాల్సిన మనిషివి నువ్వే. పద" అన్నాను.

శుక్రవారం ఉదయం ఏడు కాకముందే కిరండూల్ ప్యాసింజరు ఎక్కాం. స్టేషనుకి ఆటోవాడు తీసుకున్న దాంట్లో సగం కూడా లేదు రైలు టిక్కెట్టు. వెళ్లేవాళ్లు గంట ముందు పోయి కుడి చేతి వైపు కిటికీ పట్టుకోండి. మాకు దొరకలేదు. శృంగవరపుకోటలో ఇడ్లీ కొన్నాం, చట్నీ పులిసిపోయింది. బొడ్డవర దాటాక రైలు కొండెక్కడం మొదలెట్టింది. సొరంగం వచ్చినప్పుడల్లా కుర్రకారు కేకలు. నేను స్టేషను బోర్డులన్నీ పైకి చదువుకుంటూ పోయాను. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి.

"రైలు నీకు సెప్పే ఆగుతున్నట్టుంది వదినా" అన్నాడు మా మరిది.

పదకొండుకి అరకులో దిగాం. నలభై ఏళ్ల కిందట మా ఆయనతో ఇదే నెలలో వచ్చినప్పుడు దుప్పటి కప్పుకుని టీ తాగాను. ఇప్పుడు బజార్లో ఫ్యాన్ల కొట్టుంది! కొట్టాయన విజయనగరం నుంచి వచ్చి స్థిరపడినవాడు. "నేనొచ్చిన కొత్తలో ఫ్యాను అడిగినోడు లేడమ్మా. ఇప్పుడు కూలర్లు తెమ్మంటున్నారు" అని సంతోషంగా చెప్పాడు. నాకు సంతోషం కలగలేదు. ఎండ ఘాట్ రోడ్డు కూడా ఎక్కేసిందన్నమాట.

భోజనం చేసి పాడేరు వైపు వెళ్లే జీపెక్కాం. లోపల ఎంతమంది ఉన్నారో వెనక అంతమంది వేలాడుతున్నారు. ముప్పావు గంట తరవాత, ముందే ఫోన్లో అనుకున్నట్టు, ఒక మలుపులో సుక్రి నిలబడి ఉంది. అక్కణ్ణించి అరగంట నడక. మా మరిది దారి పొడుగునా రొప్పుతూనే ఉన్నాడు. ఊరు కనబడగానే సుక్రి మర్యాదగా, "బాబుకి దాహమేసినట్టుంది. ఇదిగో గెడ్డ, దిగి తాగండి" అంది.

ఆ మాట వినగానే మా మరిది ముక్కు మూసుకుని రెండడుగులు వెనక్కేశాడు. అది చూసి నీళ్లకొచ్చిన ఆడవాళ్లు బిందెలు దించి మరీ నవ్వారు. గెడ్డ అంటే అతనికి ఏం గుర్తొచ్చిందో నాకు తెలుసు. ఆ మాటని మనమే అంత పాడు చేశాం.

నీళ్లు మోకాలి లోతు లేవు. కానీ అడుగున గులకరాళ్లు లెక్కపెట్టుకోవచ్చు. నేను దోసిలి పట్టి తాగాను. మా మరిది తాగలేదు. "పైన ఎక్కడో కుళాయి తిప్పుంటారు. రేపు సూత్తాను" అన్నాడు.

ఆ రాత్రి సుక్రి ఇంట్లోనే పడుకున్నాం. చోడి అంబలి, అదే రాగి జావ, పనసకాయ కూరతో పెట్టింది. తెల్లారగట్ల దుప్పటి లాక్కోవాల్సి వచ్చింది. వెళ్లేవాళ్లు దుప్పటి పట్టుకెళ్లండి, సుక్రి ఇంట్లో ఒక్కటే ఉంది.

శనివారం ఆరింటికి సుక్రి గునపం భుజాన వేసుకుని గెడ్డ తలకాడికి, అంటే అది పుట్టే చోటికి బయల్దేరింది. మేము వెనక. కొంత దూరం పోయాక చెప్పులు విప్పమంది, అక్కణ్ణించి గెడ్డ తల్లి జాగా అట. నేను విప్పాను. మా మరిది ఎర్రమట్టిలో రెండుసార్లు జారి, తనూ విప్పాడు.

పైన కుళాయి లేదు. నేరేడు చెట్ల వేళ్ల కింద, రాతి చీలికలోంచి నీళ్లు చడీచప్పుడూ లేకుండా వస్తున్నాయి. మా మరిది చెయ్యి పెట్టి చూశాడు, రాయి వెనక్కి పోయి కూడా చూశాడు.

కొన్నేళ్ల కిందట ఈ ఊట ఎండిపోయిందట. వానలు ఒక్కసారే కుమ్మేసి పోతున్నాయని, కొండ నీళ్లు పట్టడం మానేసిందని సుక్రి చెప్పింది. రెండు కొండలు దిగి నీళ్లు మోశారు. అప్పుడు ఊరంతా కూచుని కొండ తల మీద పోడు కొట్టడం ఆపేశారు. అడ్డంగా గోతులు తవ్వి వానని నిలబెట్టారు, చెట్లు పెట్టారు. మూడో ఏడు నీళ్లు తిరిగొచ్చాయి. దారిలో పై ఇళ్ల ముందు తీసినట్టే, ఇక్కడా సుక్రి గెడ్డలోని చెత్తా పూడికా గునపంతో తీస్తోంది.

"మరి నువ్వేటి, ఒక్కదానివే శుభ్రం సేత్తన్నావు?" మా మరిది అడిగాడు.

"గెడ్డకి అడుగునున్న ఇల్లు మాది బాబూ. అందుకే ఇది మా పని."

"అదేం న్యాయం? మురికి సేసేది పైనోడు కదా!"

"పైనోడికేటి తెలుస్తాది? ఆడి మురికి ఆడికాడ ఉండదు, కిందకొచ్చేస్తాది. తెలిసినోడే ఎల్లాల. ఆడి గుమ్మం ముందు మనం సెత్త తీస్తా ఉంటే, సూసి సూసి సిగ్గేసి ఆడూ గునపం అట్టుకొస్తాడు."

మా వీధిలో ఏటా వానలకి ముందు ఎవరి గుమ్మం ముందు వాళ్లం పూడిక తీసుకుని చేతులు కడుక్కుంటాం. ఒక్కరోజూ పైకి నడవలేదు. పైన కొండ పక్క కాలనీ వాళ్లు ఇళ్లు కట్టి మిగిలిన రాళ్లూ రప్పలూ గెడ్డలో పోస్తున్నారని అందరికీ తెలుసు. టీవీలో ఎండలు ముదిరాయని చెప్పేవాళ్లు కూడా చల్లటి గదుల్లోనే కూచుని చెప్తున్నారు. అడుగునున్నది మనం. ఉడికేదీ మునిగేదీ మనం. అయితే కదలాల్సింది కూడా మనమే.

నేను ఇదంతా అనేలోపు మా మరిదే వంగి దోసిలి పట్టాడు. ఒకటి తాగాడు. రెండు తాగాడు. గడ్డం తుడుచుకుని, "ఫోన్లో ఫొటో కాదు, ఈడియో తియ్యి" అని మూడోది తాగాడు.

మధ్యాహ్నం తిరుగు రైల్లో కూర్చోగానే కాగితం తీసి నాలుగు ముక్కలు చేశాడు. కిటికీలోంచి విసరబోతే చెయ్యి పట్టుకున్నాను.

"అదే కదరా మన రోగం!"

నాలిక కరుచుకుని ముక్కలు జేబులో పెట్టుకున్నాడు. కొత్త కాగితం నన్నే రాయమన్నాడు. గెడ్డ మూయొద్దు, పైనున్న రాళ్లూ రప్పలూ తీయించండి, మేమూ పలుగూ పారా పట్టుకుని వస్తాం అని రాశాను. సొరంగాల్లో ఆపుతూ, వెలుగొచ్చాక రాస్తూ. రైలు ఊపుకి "గెడ్డ" అన్న మాట మిగతా వాటికంటే పెద్దదైపోయింది. అలాగే ఉంచాను. కింద నా సంతకం, దాని కింద కార్యదర్శి సంతకం.

ఫోనుకి సిగ్నలు దొరికినప్పుడల్లా మా మరిది ఆ వీడియో పంపుతూనే ఉన్నాడు. మొదట మా పక్కింటి ట్రాక్టరు వాడు ఫోన్ చేశాడు. "మావయ్యా, నువ్వు తాగింది గెడ్డేనా? ఒట్టు?"

"ఒట్టు. రేపు పొద్దున్నే ఆరింటికి రా. గెడ్డ తలకాడికి ఎల్తన్నాం."

"అయితే ట్రాక్టరు తెస్తాను. మరి పలకలో?"

"పలకలు నీ నెత్తి మీద ఏసుకో!"

తరవాత ఒకరి వెనక ఒకరు. వస్తామన్న ఇళ్లని నేను వేళ్ల మీద లెక్కపెట్టాను. కొత్తవలస వచ్చేసరికి వేళ్లు చాల్లేదు.

కొత్తవలసలో వేడిగాలి మొహాన కొట్టింది. మా మరిది సంచిలోంచి సుక్రి నింపిచ్చిన సీసా తీసి గడగడా తాగాడు. ఎదుటి సీటు పెద్దమనిషి దాని వంక ఆశగా చూసి, "మినరల్ వాటరాండీ?" అని చెయ్యి చాపాడు.

"కాదు బాబూ, గెడ్డ నీల్లు" అన్నాడు మా మరిది, ఛాతీ విరుచుకుని.

ఆయన చెయ్యి టక్కున వెనక్కి పోయింది. మేమిద్దరం బోగీ అంతా తిరిగి చూసేలా నవ్వాం.