యూసుఫ్ వెనకాడలేదు

కరోనా ఆంక్షలు ఎత్తేసిన ఏడాది, హనుమకొండ సుబేదారిలోని ఒక వీసా కన్సల్టెన్సీలో ఫైలింగ్ విభాగానికి ఇన్‌చార్జిగా చేరాను. దరఖాస్తుకు జతచేసే కాగితాలను ఎంచి, వరుస పెట్టి, ఆన్‌లైన్‌లో పంపడం నా పని. యాభై దాటగానే ఆ పని మానేశాను. కాశిబుగ్గలో ఇప్పటికీ నడుస్తున్న ఒక అబద్ధాన్ని సరిచేయడానికే ఇది రాస్తున్నాను.

యూసుఫ్ కాశిబుగ్గలో జంపఖానాలు నేసేవాడు. కెనడాలో ఉంటున్న అతని అక్క రెహానాకు రక్త క్యాన్సర్. ఎముక మూలుగ మార్చాలన్నారు. పరీక్షల్లో తమ్ముడి మూలుగే సరిపోయింది. దాన్ని నడుము ఎముకలోంచి సూదితో తీస్తారు. అక్కడి ఆసుపత్రి ఆ సంగతి రాసిచ్చిన ఉత్తరంతో విజిటర్ వీసా కోసం మా దగ్గరికి వచ్చాడు.

మా వృత్తిలో ఒక అలవాటుంది. జబ్బు ఊసు ఫైల్లో పెట్టం. పెడితే, వెళ్లిన మనిషి తిరిగిరాడని అధికారి అనుమానిస్తాడట. ఈ నియమం ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు, పాటించడం మాత్రం అందరికీ తెలుసు.

"దవాఖాన కాగితం తీసెయ్. అక్కను చూసొస్తడని రాయి, చాలు" అన్నాడు మా మేనేజర్. తీసేశాను.

"గదేంది సార్, అసలు ముచ్చటే గది గదా! నేనేమన్న సైరుకు, షికారుకు పోతున్ననా?" అన్నాడు యూసుఫ్.

"ఫికర్ చెయ్యకు భాయ్. ఇసొంటివి రోజూ చూస్తం" అన్నాను.

వీసా నిరాకరించారు. కారణాలు రెండే వాక్యాలు: ప్రయాణ ఉద్దేశం నమ్మదగ్గట్టు లేదు, గడువు తీరాక తిరిగి వెళతారన్న నమ్మకం లేదు. ఒక మనిషి ప్రాణానికి రెండు వాక్యాలా అని ఒళ్లు మండింది. ఆ ప్రాణం సంగతి అధికారికి మేము చెప్పనే లేదన్నది మాత్రం అప్పుడు తట్టలేదు.

ఈ వీసా నిరాకరణపై అప్పీలు ఉండదు. అక్కడి ఫెడరల్ కోర్టులో న్యాయసమీక్ష కోరవచ్చు, అదీ కోర్టు ముందుగా అనుమతిస్తేనే. కోర్టు వీసా ఇవ్వదు. నిర్ణయం సహేతుకంగా లేదనుకుంటే మరో అధికారికి తిప్పి పంపుతుంది. మేనేజర్ అక్కడి లాయరుకు కేసు అప్పగించాడు. ఫోన్లో ఆమె మొదట అడిగింది ఆ ఉత్తరం గురించే. అధికారి ముందుకు రాని కాగితంతో ఈ కేసు నిలవదని, ఉత్తరం జతచేసి వెంటనే కొత్త దరఖాస్తు పెట్టమని చెప్పింది. మొదటే ఎందుకు పెట్టలేదని అడిగింది.

"క్లయింటే లేటుగ ఇచ్చిండు మేడం" అన్నాడు మేనేజర్, నా ఎదురుగానే. ఆ అబద్ధాన్ని నేను దిద్దలేదు.

కొత్త దరఖాస్తు పెడితే మా తప్పు బయటపడుతుంది. అందుకని మేనేజర్ కేసే నడిపించమని లాయరుకు చెప్పి, మళ్లీ అప్లై చేస్తే కోర్టు కేసు చెడిపోతుందని యూసుఫ్‌కు చెప్పమన్నాడు. చెప్పాను. అతను నమ్మి నెలల తరబడి ఆగాడు. చివరికి కోర్టు అనుమతి నిరాకరించింది.

అప్పుడు యూసుఫ్ మమ్మల్ని వదిలేసి, ఇంటర్నెట్ సెంటర్లో తానే దరఖాస్తు పెట్టాడు, ఉత్తరంతో సహా. వీసా వచ్చింది. అప్పటికి రెహానాకు జబ్బు బాగా ముదిరింది. మూలుగ ఎక్కించే దశ దాటిపోయిందన్నారు డాక్టర్లు. అతను ఆమె పక్కన కూర్చోగలిగాడు, అంతే.

ఆమె పోయాక, కాశిబుగ్గలోనే ఉండే ఆమె మరిది ఛాయ్ హోటల్లో నలుగురి ముందు అన్నాడు: "సూదికి భయపడి వీసా వంక పెట్టిండు. వానిది నాటకం."

యూసుఫ్ గ్లాసు కింద పెట్టాడు. "దినమంత మగ్గం గుంటల కూసునే నడుముకు సూది ఒక లెక్కనా భాయ్?" అని లేచిపోయాడు. పక్క బల్ల దగ్గర ఉన్న నేను అక్కడా నిజం చెప్పలేదు.

ఆ మాట నేటికీ అంటున్నారు. అనేవాళ్లు వినండి. యూసుఫ్ ఆ ఉత్తరం మొదటి రోజే మా చేతికిచ్చాడు. దాన్ని తీసింది నేను. ఆలస్యం అతనిదని అబద్ధమాడింది మా ఆఫీసు. ఆ ఆఫీసు బోర్డు మీద ఇప్పుడు 'కోర్టు కేసులు కూడా చూడబడును' అని కొత్తగా రాయించారు, సిగ్గు లేకుండా.

న్యాయసమీక్ష అధికారి చేసిన తప్పును పట్టుకోగలదు. దరఖాస్తుదారు సొంత మనుషులు దాచిన నిజాన్ని అది వెతికి తీయదు. మనిషి ఎందుకు వెళుతున్నాడో చెప్పని ఫైలును కోర్టుకు తీసుకెళ్లినా, అది అక్కడా చెప్పదు.