ఎత్తుకోని చేతులు

మా ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో ఒక ఆయా ఉంది. అందరం ఎక్స్‌రే అక్క అంటాం. రోగులను బల్లమీద సరిగ్గా పడుకోబెట్టడం, తడి ఫిల్ములను క్లిప్పులకు తగిలించి ఆరబెట్టడం ఆమె పని. ఇరవై ఏడేళ్ళుగా అదే పని. పసిపిల్లలను మాత్రం ముట్టుకోదు, తల్లులే పడుకోబెట్టుకోవాలి. ఒంటరిది, పిల్లాజెల్లా లేదు, అదంతా కడుపుమంట అని మేం నర్సులం చెవులు కొరుక్కునేవాళ్ళం. నేనూ కొరికాను, దాచడం దేనికి?

మొన్న ఆమె అక్క కూతురు మా దగ్గరే కొడుకును కన్నది. వాణ్ణి బరువు తూచి తీసుకొస్తుంటే వరండాలో ఆమె ఎదురైంది. "ఇదిగో నీ మనవడు, పట్టుకో అక్కా" అని చేతుల్లో పెట్టబోయాను. నిప్పు తొక్కినట్టు వెనక్కి దూకింది.

"వద్దు సిస్టరమ్మా! నా ఒంట్లో కిరణాలుంటాయి. పసిగుడ్డు, తట్టుకోలేడు."

నాకు నవ్వొచ్చింది. ఆమె మొహం చూశాక ఆగిపోయింది. పనిలో చేరిన రోజే పాత ఆయా చెప్పిందట, కిరణాలు ఎముకల్లో ఇంకిపోతాయి, పసివాళ్ళ జోలికి పోకు అని. అప్పటికి అక్క కూతురు పదిరోజుల పిల్ల. ఇక ఈమె ఆ పిల్లను తాకితే ఒట్టు. ఏటా ఒక గౌను కొని, కుర్చీమీద పెట్టి వచ్చేసేదట. పెళ్ళి వద్దన్నదీ అందుకే. ఈమె ఎవరినీ అడగలేదు, ఈమెను ఎవరూ అడగలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "నీ మొహం! స్విచ్ ఆపాక బల్బు వెలుతురు గదిలో మిగులుతుందా? ఇదీ అంతే. నీ ఒంట్లో ఏమీ లేదు!"

ఆమె తన అరచేతులు తిప్పి చూసుకుంది.

"అయితే అప్పుడు మా అక్క కూతుర్నీ ఎత్తుకుని ఉండొచ్చన్నమాట."

ఆమె మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని నా వెనకే వార్డులోకి వచ్చింది. బిడ్డను తల్లి పక్కన పడుకోబెట్టాను. ఎక్స్‌రే అక్క వంగి రెండు చేతులూ చాచింది. ఆ అమ్మాయి బిడ్డను మెల్లగా తనవైపు జరుపుకుంది. కోపమేమీ లేదు, నవ్వుతూనే అంది:

"పర్లేదులే పిన్నీ, మొహమాటానికి ఎత్తుకోకు. నీకు పిల్లలంటే పడదని నాకు చిన్నప్పటినుంచీ తెలుసుగా."

చాచిన చేతులు దించుకుంది. "సరేనమ్మా" అని బయటికి వచ్చేసింది.

నేను ఉండబట్టలేక, "ఉండు, నేను వెళ్ళి దానికి చెప్పేస్తాను" అన్నాను. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వద్దు సిస్టరమ్మా. ఇన్నేళ్ళలో ఒక్కరినైనా అడగలేకపోయావా పిన్నీ అని అదంటే, నేనేం చెప్పను?"