కటింగ్ మాస్టారి భయం

కటింగ్ మాస్టారికి పెళ్ళామంటే భయం. ఆ భయానికి కారణం ఒక్కటీ లేదు గానీ ప్రచారం మాత్రం బోలెడుంది.

రోజూ పొద్దున కింద షాపులోకి దిగే ముందు ఆయన మేడ మీద గుమ్మంలో నిలబడేవాడు. మెడలో టేపు, చంకలో గుడ్డల మూట. వీధిలో ఎవరైనా వస్తున్నారా అని ఓ చూపు చూసేవాడు. ఎవరూ లేకపోతే చెప్పు దులుపుకుంటూ కాసేపు ఆగేవాడు. మనిషి కనబడగానే ఇంట్లోకి తిరిగి, "సరేనే, సరే. తొందరగానే వచ్చేస్తాను. అరవకు, వీధిలో జనం ఉన్నారు" అనేవాడు. లోపల ఆవిడ నోరు మూసుకుని తలుపు వెనక నిలబడి ఉండేది, ఆయన మర్చిపోయిన కళ్ళజోడు పట్టుకుని.

మాస్టారు పోయి నెలలు గడిచాయి. ఆ వేళకి ఆవిడ ఇంకా తలుపు దాకా వస్తుంది, ఊరికే నిలబడుతుంది, మళ్ళీ వంటింట్లోకి పోతుంది. గుమ్మంలో మాటా పలుకూ లేదు. అది చూసి ఎదురింటావిడ పక్కింటావిడతో అంది: "పాపం, నోరు పడిపోయింది చూడు. తిట్టడానికి మనిషి లేకపోతే ఎంతటి వాళ్ళైనా అంతే."

నిజానికి ఆవిడ పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ తిట్టి ఎరగదు. పుట్టింట్లో చిన్నప్పుడే "దీనికి నోట్లో నాలుక లేదు" అన్నారు. వచ్చిన చుట్టాలందరికీ చూపించి మరీ అన్నారు. పెద్దవాళ్ళన్నాక నిజమే అయ్యుంటుందని ఆవిడ ఆ నాలుకని వాడటం మానేసింది. అత్తారింటికొచ్చాక అదే మాటని మెప్పు చేశారు, "మా కోడలికి పెదవి దాటి మాట రాదు" అని. ఉన్న ఒక్క మెప్పూ పోగొట్టుకోవడం దేనికని మాటలన్నీ పెదవి దగ్గరే ఆపేసుకునేది. ఉప్పు అడగలేక చప్పటి కూర తిన్న రోజులున్నాయి.

అలాంటి మనిషికి ఇప్పుడు ఒక మాట అనాల్సి వచ్చింది. ఆదివారం బావగారూ తోడికోడలూ వస్తున్నారు, ఆవిడని తమ ఇంటికి తీసుకుపోవడానికి. వాళ్ళ కోడలికి కవలలు పుట్టారు, వంటమనిషి మానేసింది, సరిగ్గా అప్పుడే వాళ్ళకి ఈవిడ ఒంటరిదన్న సంగతి గుర్తొచ్చింది. ఆవిడకి వెళ్ళాలని లేదు. కింద షాపుంది, పైన రెండు గదులున్నాయి. చొక్కాలకి కాజాలు కుట్టే ముసలాయన, అందరూ కాజాల తాత అంటారు, ఆయనే షాపు తీస్తున్నాడు. హెమ్మింగులూ బొత్తాలూ పైకి పంపుతాడు, ఆవిడ కుట్టి కిందికి దింపుతుంది. ఆ పనీ ఆ గదులూ చాలు ఆవిడకి. కాకపోతే "రాను" అనాలి. ఆ మాట ఆవిడ ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు.

అనలేదని ఊళ్ళో చెబితే మాత్రం ఎవరూ నమ్మరు. మాస్టారు చేసిన నిర్వాకం అలాంటిది.

"రేపటికి కోటు కావాలి మాస్టారూ, మా వాడి పెళ్ళి" అని వచ్చాడొకాయన ఓసారి.

"కుట్టేవాణ్ణే. పొద్దుపోయేదాకా మిషను తొక్కితే మా ఆవిడ ఊరుకోదండీ."

"ఒక్క రోజేగా?"

"మీకు ఒక్క రోజే. తర్వాత రోజులన్నీ నావి కదా."

పెళ్ళికొడుకు తండ్రి పట్టు వదల్లేదు. ఆవిడనే బతిమాలుకుంటానని మెట్లెక్కి వచ్చాడు. ఆవిడ పిండి వత్తుతున్నది వత్తుతున్నట్టే లేచొచ్చి తలుపు తీసింది, చేతిలో అప్పడాల కర్రతో. ఎవరో కొత్త మనిషి. నోట మాట రాక చూస్తూ నిలబడింది. ఆయన కర్రని చూశాడు, ఆవిడ మొహాన్ని చూశాడు. "పాత కోటే బావుందిలెండి" అని దిగిపోయాడు.

కత్తెర జారి మాస్టారి వేలు తెగి కట్టు కట్టుకున్న రోజున షాపుకొచ్చిన ప్రతివాడూ అడిగాడు, "ఏమైంది మాస్టారూ" అని. ఆయన ప్రతివాడికీ ఒకటే నిట్టూర్పు ఇచ్చాడు. "ఏముందిలెండి. సంసారం." అందులో అబద్ధం ఎక్కడుందో ఎవరూ చూపించలేరు. సాయంత్రానికి ఆవిడ ఆయన వేలు కొరికిందని వీధి చివరిదాకా తెలిసిపోయింది.

బజారు సంఘానికి అధ్యక్షుడిగా ఉండమంటే "మా ఆవిడ ఒప్పుకోదు" అన్నాడు. అప్పట్నుంచీ ఆ సంఘంలో కొత్త పద్ధతి వచ్చింది. వీధి దీపం మార్చాలన్నా, మురిక్కాలవ మీద బండలు వేయించాలన్నా, అందరూ మాట్లాడాక ఎవరో ఒకరు అడిగేవారు: "మాస్టారూ, ఇంట్లో ఏమంటున్నారు?" ఆయన కళ్ళు మూసుకుని, కాసేపుండి, "దీపం విషయంలో కాస్త మెత్తబడింది. కాలవ విషయంలో మాత్రం మండిపడుతోంది" అనేవాడు. కాలవ పని చకచకా అయిపోయింది. అక్కడో కాలవ ఉందని ఆవిడకి తెలియనే తెలియదు.

కూరగాయల బండి దగ్గర ఆవిడ ఒక టమాటా చేతిలోకి తీసుకుంటే చాలు, బండివాడు గబగబా, "అది మెత్తగా ఉందమ్మా, నేనే తీసేస్తున్నాను, మీరేమీ అనకండి" అనేవాడు. చాలాకాలం ఆవిడ లోకంలో మంచితనం పెరిగిందనుకుంది. ఒకరోజు బండివాడు తన భార్యకి చెవిలో చెప్పడం వినబడింది, "జాగ్రత్త, ఈవిడే ఆవిడ" అని. ఆ పూట ఇంటికొచ్చి మొగుణ్ణి నిలదీద్దామనుకుంది. ఆవిడ నిలదీయడమంటే, అన్నం వడ్డించి కాస్త ఆగి అడగడం.

"ఏమండీ, ఊరంతా నన్ను గయ్యాళి అనుకుంటున్నారట."

"ఎవడన్నాడు? చెప్పు. వాడి మీదికి నిన్నే పంపిస్తాను."

"నవ్వులాటగా ఉందా మీకు? నా పరువేం కాను?"

"నీ పరువుకేమే, నాకన్నా ఎత్తులో ఉంది. నన్ను చూసి కుక్క కూడా పక్కకి జరగదు. నువ్వొస్తున్నావంటే బండివాడు తక్కెడ సరిచేసుకుంటున్నాడు."

ఆవిడకి ఒళ్ళు మండి ఏదో అనబోయింది. ఆయన చేతిలో ముద్ద చేతిలో ఉండగానే ఆశగా ముందుకి వంగాడు. మాట రాలేదు.

"పర్లేదు, వస్తుందిలే" అని ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

శనివారం కాజాల తాత బొత్తాల డబ్బా పట్టుకుని పైకి వచ్చాడు. డబ్బా గడప మీద పెట్టి, తను మాత్రం గడపకి అవతలే ఆగాడు.

"రేపు పెద్దయ్యగారు వస్తున్నారట కదమ్మా. తిట్టనంటే ఒక మాట చెబుతాను."

"నేనెప్పుడు తిట్టాను తాతా నిన్ను?"

"అదే చెప్పడానికొచ్చాను. మీరు తిట్టరని నాకు తెలుసు. ఊళ్ళో నా ఒక్కడికే తెలుసు. ఎక్కడా అనొద్దని మాస్టారు ఒట్టు పెట్టించుకున్నారు."

ఆవిడ సూది ఆపింది. "మరి ఎందుకు చేశారట నన్నలా?"

"నేనూ అడిగానమ్మా. మహాతల్లిని పట్టుకుని ఎందుకు మాస్టారూ అన్నాను. 'దానికి అరవడం చేతకాదయ్యా. నేనున్నన్నాళ్ళూ అడ్డం నేనుంటాను. ఆ తర్వాత మా అన్నయ్య ఉన్నాడు. చెడ్డవాడు కాదు, పని పడితే చుట్టరికం గుర్తొచ్చే రకం. అరుస్తుందన్న పేరు ముందే ఉందనుకో, అరవాల్సిన పని పడదు' అన్నారు."

"ఆ పేరు నాకు నప్పదు తాతా."

"అదీ అన్నాను. 'వదులే, తెలుసు. ఎదిగే పిల్లలకి వదులుగానే కదా కుడతాం' అన్నారు." ముసలాయన రెండు మెట్లు దిగి మళ్ళీ తిరిగాడు. "చెప్పానని కోప్పడకండేం."

"తిట్టనని తెలుసన్నావు కదా."

"తెలుసమ్మా. కానీ భయం అలవాటైపోయింది."

ఏడుపు రావాల్సిన చోట ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వాక ఏడుపూ కొంచెం వచ్చింది గానీ, బొత్తాల పని ఉంది కనక ఎక్కువసేపు నిలవలేదు.

ఆదివారం బావగారు దారి పొడుగునా దగ్గుకుంటూ మెట్లెక్కాడు. ఫోన్ చేసినప్పుడల్లా ఆయనకీ తమ్ముడి దగ్గర్నుంచి ఒకటే మాట: "మెల్లగా మాట్లాడన్నయ్యా, పక్కనే ఉంది." ఆ భయం మీద ఆయన కుర్చీ అంచున కూర్చున్నాడు. తోడికోడలు తలుపుకి దగ్గరగా కూర్చుంది. ఆవిడ టీ ఇచ్చింది. తాగాక బావగారు గొంతు సవరించుకున్నాడు.

"అమ్మాయ్, ఒక్కదానివీ ఇక్కడెందుకు చెప్పు. మాతో వచ్చెయ్యి. ఇంట్లో మనిషిలా ఉందువుగాని."

ఆవిడ మాట కోసం వెతుక్కుంటోంది. ఉన్నది రెండక్షరాలు, రెండూ పెదవి దగ్గర ఇరుక్కున్నాయి. ఆ అవస్థకి కనుబొమలు ముడిపడ్డాయి. బావగారు ఆ ముడి చూశాడు.

"అంటే, ఎప్పటికీ అని కాదనుకో. ఓ ఆర్నెల్లు."

ఆవిడ గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

"ఆర్నెల్లంటే ఆర్నెల్లూ అనా ఆయన ఉద్దేశం" అని అందుకుంది తోడికోడలు. "నీకెప్పుడు బుద్ధిపుడితే అప్పుడు వచ్చి, పిల్లల్ని చూసి పోదువు."

కప్పుకి తగులుతోందని ఆవిడ బల్ల మీది పెద్ద కత్తెర తీసి ఇటు పెట్టుకుంది.

"అసలు నీకెందుకమ్మా ప్రయాణం" అన్నాడు బావగారు కుర్చీ వెనక్కి జరుపుకుంటూ. "మేమే వచ్చి పోతుంటాం."

పని అయిపోయింది. ఇంక నోరు మెదపకపోయినా నష్టం లేదు. కానీ ఇప్పుడూ ఊరుకుంటే ఈ మాట కూడా మాస్టారే అన్నట్టు లెక్క. ఇన్నాళ్ళూ తన వంతు అరుపులన్నీ ఆయనే అరిచి పెట్టాడు, ఒక్కటైనా తను అనొద్దూ అనిపించింది.

"నేను రాను బావగారూ" అంది. మామూలుగా అంది. ఉయ్యాల్లో పసిబిడ్డ ఉన్నా కదలనంత మెల్లగా అంది.

"సరేనమ్మా, సరే" అన్నాడు బావగారు రెండు చేతులూ అడ్డం పెట్టి. "కాదన్నదెవరు? ఇంత చిన్నదానికి గొంతు అంత పెంచితే ఎలా? చుట్టుపక్కల వింటారు."

వింటే విననీ అనుకుంది ఆవిడ. అనుకుని, తనే ఆశ్చర్యపోయింది.

వాళ్ళు బయల్దేరారు. కింది మెట్టు మీంచి తోడికోడలు అంది, "కప్పులు అలాగే వదిలేసి పోతున్నాం, ఏమీ అనుకోకమ్మా" అని. "అయ్యో, దానికేముందక్కా" అనడానికి ఆవిడ నోరు తెరిచింది. మళ్ళీ మూసేసింది. ఏదో ఒకటి అనుకుంటోందనే అనుకోనీ.

చుట్టాలు వీధి మలుపు తిరిగేలోగా కప్పులు కడిగి బోర్లించడం ఆవిడకి పెళ్ళైన కొత్తల్నుంచీ అలవాటు. మలుపూ తిరిగారు, కనుమరుగూ అయ్యారు. ఆవిడ బావగారు లేచిన కుర్చీలోనే వెనక్కి వాలి, కాళ్ళు ఎదుటి కుర్చీ మీదికి చాపుకుని కూర్చుంది. కప్పు అడుగున మిగిలిన చక్కెరకి చీమలు బారులు కట్టాయి. చూసింది గానీ లేవలేదు. ఆ ఊళ్ళో ఆవిడంటే భయం లేనివి ఆ చీమలొక్కటే.