ఒంటిలైను మాలకీ

చేతిలో కర్ర లేనిదే మాలకీ గిల్‌హూలీ ఇరుకు దారిలో అడుగు పెట్టడు. కాళ్లు బాగాలేక కాదు. అరవై ఎనిమిదో ఏట కూడా రైలు కూత వినపడితే గోడ దూకగలడు. ఆయనకు కర్ర నడవడానికి కాదు, నడిచే హక్కు కోసం.

సంగతేమిటంటే, ఒకే జత పట్టాల మీద రెండు వైపుల నుంచీ రైళ్లు నడిచేచోట, అవి ఎదురెదురుగా వచ్చి గుద్దుకోకుండా పాతకాలపు రైలువాళ్లు ఒక ఉపాయం పెట్టారు. ఆ దారి మొత్తానికి ఒకటే కర్ర. అది చేతికందిన డ్రైవరే బండి కదపాలి. అటు చివర ఉన్న సిగ్నల్ మనిషికి దాన్ని అప్పగించాలి. కర్ర ఒకటే కనుక లోపల రైలూ ఒకటే. ఈ ఉపాయం ఐర్లండులో ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో మాలకీ చెబుతాడు, మీరు అడగకపోయినా.

రైల్వేలో పనిచేసిన మనిషి కాబోలు, పాపం, అలవాటు పోలేదు అనుకునేరు. మాలకీ రైల్వేలో ఒక్కరోజు కూడా పనిచేయలేదు. బల్లీఫార్నా బజారులో నలభై ఏళ్లు మాంసం కొట్టు నడిపాడు.

వాళ్లింట్లో మెట్లు ఇరుకు. అందుకని కింద కొక్కేనికి ఒక చెక్క గరిటె వేలాడుతుంది. గరిటె పట్టుకున్నవాళ్లే ఎక్కాలి, దిగాలి. ఆయన భార్య కన్‌సెప్టా ముప్ఫయ్యేళ్లుగా గరిటె పుచ్చుకునే పడకగదికి వెళుతోంది. ఒకసారి మొగుడూ పెళ్లాలకు మాటా మాటా పెరిగి, ఆవిడ గరిటె సంచిలో వేసుకుని స్లైగోలో చెల్లెలింటికి పోయింది. ఆ మధ్యాహ్నం ఉత్తరాలిచ్చే గ్రోన్యా టార్పీ వచ్చేసరికి మాలకీ మేడ కిటికీలోంచి తల బయటపెట్టి ఉన్నాడు.

"దిగి రండి, సంతకం పెట్టాలి" అంది గ్రోన్యా.

"దిగడానికి లేదమ్మాయ్. గరిటె స్లైగోలో ఉంది."

"ఇంట్లో ఇంకెవరూ లేరుగా, ఎవరు ఎదురొస్తారని?"

"అలా అనుకునే కదా అందరూ చచ్చేది" అన్నాడు మాలకీ.

గ్రోన్యా సంతకాల పుస్తకాన్ని, దాంతోపాటు ఓ సోడా రొట్టెను తాడుకు కట్టి పైకి పంపింది. పందొమ్మిదేళ్లుగా ఆ ఊళ్లో ఉత్తరాలు పంచుతున్న మనిషి. ఎవరికెంత పిచ్చి ఉందో ఆవిడకు తెలిసినంతగా ఫాదరీకి కూడా తెలియదు. మాలకీ పిచ్చిని మాత్రం కొలవలేక వదిలేసింది.

ఆయన పెరట్లో పొడుగాటి షెడ్డు ఉంది. ఎప్పుడో మూతబడ్డ బల్లీఫార్నా రైలు అందులో ఇంకా నడుస్తోంది, అరచేతిలో ఇమిడేంత పెట్టెలతో. అక్కడ ఎప్పుడూ 1958. బొమ్మ రైళ్లకు పట్టాలు దుకాణంలో దొరుకుతాయి కానీ అవి ఇంగ్లండు కొలతవి. ఐర్లండు పట్టాలు వాటికన్నా ఆరున్నర అంగుళాలు వెడల్పు. బొమ్మలో అది నాలుగున్నర మిల్లీమీటర్ల తేడా. ఆ నాలుగున్నర మిల్లీమీటర్ల కోసం మాలకీ పదకొండేళ్లు కూర్చుని ప్రతి పట్టా తన చేత్తో పరిచాడు. కొత్తగా వచ్చిన ఫాదరీ చూసి "తేడా ఏమీ తెలియడం లేదే" అన్నాడట. ఆ తర్వాత మూడు ఆదివారాలు మాలకీ పక్క ఊరి చర్చికి వెళ్లాడు.

సాయంత్రం ఏడయితే కంప్యూటరు ముందు కూర్చుంటాడు. అందులో దేశం మొత్తం రైలుదారులు, ప్రతి సిగ్నలుతో సహా, గీతలై కనిపిస్తాయి. దేశంలో అక్కడక్కడా ఉన్న ఏడుగురు ఒక్కొక్కరూ ఒక్కో సిగ్నల్ క్యాబిన్ చూసుకుంటారు. ట్రలీ క్యాబిన్ ఒక సన్యాసినిది, లిమరిక్ జంక్షన్ కార్క్‌లో బస్సు నడిపే కాన్ టూమీది. వీళ్లు ఒకరితో ఒకరు మాట్లాడరు. అప్పటి సిగ్నల్ మనుషుల్లాగే గంటలు కొట్టుకుంటారు. తొమ్మిదేళ్ల స్నేహంలో మాలకీ, టూమీ ఒకరి గొంతు ఒకరు వినలేదు. ఎవరైనా నిబంధన తప్పితే మాలకీ వారం రోజులు ఆటలోంచి తీసేస్తాడు. సన్యాసినిని రెండుసార్లు తీసేశాడు.

ఇదంతా షెడ్డులో ఉన్నంతకాలం ఊరికి బాధ లేకపోయింది. మూడేళ్ల కింద ఫిబ్రవరిలో, పిచ్చి కుదిరింది రోకలి తలకు చుట్టమన్నట్టు, మాలకీ రేవు దారికి కూడా కర్ర పెట్టాడు.

రేవు దారి అర మైలు పొడవు. అటూ ఇటూ రాతిగోడలు, మధ్యలో ఒక్క బండి పట్టేంత జాగా. పై చివర మాలకీ ఇల్లు, కింది చివర కోల్మన్ హెషన్ అనే ముసలి రైతు ఇల్లు, మధ్యలో ఐదిళ్లు. రెండు బండ్లు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవాల్సిందే. ఎవరు పోవాలన్నది తేలేలోపు కొన్ని చుట్టరికాలు తెగిపోయిన దారి అది. మాలకీ ఎర్రరంగు, ఇత్తడి పొన్ను వేసిన కర్ర ఒకటి చేయించి, పైన తానూ కింద కోల్మనూ సిగ్నల్ మనుషులమని ప్రకటించాడు. కర్రను మేకుకు తగిలించి పోవడం కుదరదు, చేతి నుంచి చేతికే ఇవ్వాలి. కర్ర కింద ఉండిపోతే మాలకీ ఫోను చేస్తాడు, కోల్మన్ అది పట్టుకుని అర మైలు ఎక్కి వస్తాడు. పైన ఉండిపోతే మాలకీ దిగుతాడు.

చట్టం కాదు, పాడు కాదు. కానీ గేటు దగ్గర మాలకీ చూసే చూపు చట్టం కన్నా గట్టిది. బిషప్ గారి కారును కూడా పదకొండు నిమిషాలు ఆపాడు.

"నేను బిషప్పునయ్యా" అన్నాడాయన అద్దం దించి.

"తెలుసు స్వామీ. ఆశీర్వాదం ఇప్పుడివ్వండి. కర్ర రాగానే నేనిస్తాను" అన్నాడు మాలకీ.

మరోసారి కోల్మన్ ఆవు ఈనలేక అవస్థ పడుతుంటే పశువుల డాక్టరు పైన కర్ర కోసం నిలబడ్డాడు. కోల్మన్ డెబ్బై ఆరేళ్ల కాళ్లతో పరుగెత్తుకొచ్చి కర్ర ఇచ్చి, డాక్టరు కారులోనే ఎక్కి కిందికి పోయాడు. దూడ బతికింది. డాక్టరు మాలకీని తిట్టిన తిట్లు మాత్రం ఊళ్లో ఇప్పటికీ బతికే ఉన్నాయి.

అందరికన్నా నలిగింది గ్రోన్యా. రోజూ దిగాలి, రోజూ ఎక్కాలి. కింద కోల్మన్ కర్ర చేతికిస్తాడా? ముందు కళ్లజోడు వెతుకుతాడు. గడియారం చూస్తాడు. పుస్తకంలో టైము రాస్తాడు. ఆ తర్వాత వాన సంగతి, గ్రోన్యా వాళ్లమ్మ మోకాలి సంగతి, పోయినేడు ఇదే రోజు వాన సంగతి. రోజుకు ఇరవై నిమిషాలు ఆ గేటు దగ్గరే పోయేవి. చివరికి విసుగెత్తి కౌంటీ ఆఫీసుకు ఉత్తరాలు మొదలుపెట్టింది, దారి మధ్యలో బండి తప్పుకునేందుకు కాస్త జాగా వెడల్పు చేయించమని. పదకొండో ఉత్తరానికి ఇంజనీరు గురువారం వస్తానన్నాడు. ఐదిళ్లవాళ్లూ అర్జీ మీద సంతకాలు పెట్టారు. దారి వెడల్పయితే కర్ర పని సరి.

బుధవారం ఆవిడ అర్జీ పట్టుకుని మాలకీ గుమ్మం ఎక్కింది.

"పెట్టను" అన్నాడు మాలకీ.

"ఎందుకు పెట్టరు? లోకంలో అందరూ కర్ర లేకుండానే తిరుగుతున్నారు."

"తిరగనీ. నేనొద్దన్నానా?"

"రేపు ఇంజనీరు కొలిచి పోతే మీ సంతకం ఎవడిక్కావాలి?"

మాలకీ ఏదో అనబోయాడు. అంతలో వాకిట్లో గంట మోగింది. మూడుసార్లు, కాస్త ఆగి ఇంకోసారి. ఆయన ముఖం వెలిగిపోయింది.

"లిమరిక్ జంక్షన్" అంటూ తలుపు దగ్గరికి పరుగెత్తాడు.

వచ్చింది కాన్ టూమీయే. భార్య దగ్గర్లోని నాక్ పుణ్యక్షేత్రానికి యాత్రకు వస్తే, ఆవిడను ప్రార్థనలకు వదిలి, తాను షెడ్డు చూసిపోదామని వచ్చాడు. మిత్రులిద్దరూ చేతులు పట్టుకుని ఊపుకున్నారు గానీ మాటలు మొదలుపెట్టడం ఇద్దరికీ చేతకాలేదు. గంట సేపు షెడ్డులో తిరిగాక టూమీ ఒక్కడే వంటింట్లోకి వచ్చాడు. లోపల మాలకీ ఆరున్నర బండికి సిగ్నలిస్తున్నాడు. సంతకం లేకుండా కదలనని కూర్చున్న గ్రోన్యాకు కన్‌సెప్టా టీ పోస్తోంది.

"ఒక సంగతి అర్థం కావడం లేదమ్మా" అన్నాడు టూమీ కుర్చీ లాక్కుని. "ఈ దారికి ఒంటికర్ర పెట్టారేం? అది మా తాతల పద్ధతి. మేము ఆటలో అది వాడితే ఈ మహానుభావుడు మమ్మల్ని బతకనివ్వడు."

"వేరే పద్ధతి కూడా ఉందా?" అంది గ్రోన్యా.

"లేకేం. అటొకటి ఇటొకటి రెండు యంత్రాలు, మధ్యలో తీగ. రెండింట్లోనూ బోలెడు కర్రలుంటాయి. ఒకదాంట్లోంచి ఒక కర్ర తీస్తే, అది మళ్లీ ఏదో ఒకదాంట్లో పడేదాకా రెండూ బిగుసుకుపోతాయి. ఎవరూ ఎవరికోసం నిలబడక్కర్లేదు. ఎవరూ మోసుకు తిరగక్కర్లేదు. మనిషే అక్కర్లేదు."

"అలాంటివి ఇప్పుడెక్కడ దొరుకుతాయి?"

"షెడ్డులోనే ఉన్నాయి తల్లీ, గుడ్డ కప్పి. మనిషెత్తున్నాయి. ముఖం చూసుకోవచ్చు, అంత మెరుస్తున్నాయి."

గ్రోన్యా కప్పు కింద పెట్టింది. మూడేళ్లు, రోజుకు ఇరవై నిమిషాలు. ఆవిడ కోపం నషాళానికి అంటింది.

"కన్‌సెప్టా, ఆ యంత్రాలు పనిచేస్తాయా?"

"బ్రహ్మాండంగా. నెలనెలా నూనె పెట్టేది నేనే" అంది కన్‌సెప్టా. కాసేపు గిన్నె తుడిచి, "కర్ర ఎప్పుడు పెట్టాడో గుర్తుందా?" అంది.

"ఫిబ్రవరిలో."

"అట్రాక్టా ఎప్పుడు పోయింది?"

అట్రాక్టా కోల్మన్ భార్య. ఆ ముందు సెప్టెంబరులో పోయింది. గ్రోన్యాకు అన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఆ తర్వాత ఐదు నెలలు కోల్మన్ ఎవరికీ తలుపు తీయలేదు. ఫాదరీ వెళ్లి తిరిగొచ్చాడు, నర్సు వెళ్లి తిరిగొచ్చింది. గోడ మీద పెట్టి వచ్చిన యాపిల్ రొట్టెలు కాకులు తిన్నాయి. ఉత్తరాలను ఆవిడ తలుపు కింద నుంచి తోసి వచ్చేది, లోపల రేడియో కూడా వినపడేది కాదు. మాలకీ మాత్రం పరామర్శకు వెళ్లలేదని, మనిషికి బొమ్మ రైళ్ల మీదున్న జాలి పొరుగువాడి మీద లేదని ఊరంతా చెప్పుకుంది. గ్రోన్యా కూడా చెప్పింది, ఐదిళ్లలోనూ.

"ఫిబ్రవరిలో వెళ్లి తలుపు బాదాడు" అంది కన్‌సెప్టా. "ఓదార్పు మాట ఒక్కటీ అనలేదట. కింది క్యాబిన్‌కు మనిషి లేడు, నిబంధనల ప్రకారం చాలా తప్పు, నువ్వు వస్తావా రావా అన్నాడట. ఓదార్చడానికి వచ్చినవాణ్ని తరిమేయొచ్చు గానీ, డ్యూటీకి పిలిచినవాణ్ని ఎలా తరుముతాడు పాపం, తలుపు తీశాడు."

గ్రోన్యాకు ముందు సిగ్గేసింది, తర్వాత నవ్వొచ్చింది. తాను కోప్పడ్డ ఇరవై నిమిషాల కోసమే ఆ కర్ర పుట్టిందని తెలిసి, ఎవరి మీద కోప్పడాలో తోచలేదు.

గురువారం ఇంజనీరు టేపు పట్టుకుని దిగాడు. మాలకీ గేటు దగ్గర కర్రతో నిలబడ్డాడు, ముఖాన నెత్తురు చుక్క లేదు. రాత్రి నిద్రపోలేదని కళ్లే చెబుతున్నాయి.

"అర్జీ ఏదమ్మా?" అన్నాడు ఇంజనీరు.

"వెనక్కి తీసుకున్నానండీ" అంది గ్రోన్యా.

"పదకొండు ఉత్తరాలు రాశారు."

"రాశాను. దారి వెడల్పయితే బండ్లు జోరందుకుంటాయి. ఇక్కడ రాకపోకలన్నీ నిబంధనల ప్రకారం జరుగుతున్నాయి. ఒంటిలైను నిబంధన నలభై రెండు."

ఇంజనీరు తల గీరుకుని కాగితం మీద ఏదో రాసుకోబోయాడు. మాలకీ నోరు మూసుకుంటే చాలు, గండం గడిచినట్టే. ఆయన మూసుకునే ఉన్నాడు, పెదవులు బిగించి, మెడ నరాలు ఉబ్బేలా. ఐదు లెక్కపెట్టేంతసేపు.

"నలభై మూడు" అన్నాడు. "నలభై రెండు పశువుల పెట్టెలకు."

"ఈయన ఎవరు?" అన్నాడు ఇంజనీరు.

"నా పై అధికారి" అంది గ్రోన్యా.

ఇంజనీరుకు ఏం బోధపడిందో గానీ, వచ్చినందుకు ఒకసారి కిందిదాకా చూసి వస్తానన్నాడు. మాలకీ కర్ర ఇచ్చాడు. కారు దిగింది. పావుగంట గడిచింది, అరగంట గడిచింది. కింద కోల్మన్ పొయ్యి మీద కెటిల్ పెట్టాడని, ఇంజనీరును కూర్చోబెట్టి మూడేళ్ల వాన సంగతులు మొదలుపెట్టాడని వేరే ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఉత్తరాల సంచితో గ్రోన్యా పైనే బండిలో కూర్చుంది.

మాలకీ తప్పుచేసినవాడిలా కిటికీ దగ్గరికి వచ్చాడు.

"లైను ఖాళీ లేదు" అన్నాడు.

"చూస్తున్నాగా. ఆ రెండు యంత్రాలూ ఎప్పుడు బిగిస్తారు?"

మాలకీ ఉలిక్కిపడి షెడ్డు వైపు చూశాడు, వంటింటి వైపు చూశాడు, ఆఖరికి తన బూట్ల వైపు చూసుకున్నాడు.

"తుప్పు పట్టాయి" అన్నాడు.

"ముఖం చూసుకోవచ్చన్నాడు టూమీ."

"లోపల పట్టిందమ్మాయ్ తుప్పు. బయటికి కనిపించదు."

"అయితే బాగుచేయించకండి" అంది గ్రోన్యా. ఇంజను ఆపేసి, సీటు వెనక్కి వాల్చి, ఫ్లాస్కు మూత తీసి ఆయనకు కూడా టీ పోసింది.