నక్షత్రం గుర్తుకు గది లేదు

మా జయానందం మెదక్ బస్టాండు వెనక డీటీపీ షాపు నడుపుతాడు. నేను బడి నుంచి రిటైరైనప్పటి నుంచి పొద్దుటి టీ అక్కడే. నాలాగే తెలుగు మీడియం వాడు. యాభై ఆరేళ్ల వయసులో వీడియోలు చూసి సీ ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాడండీ! నా సంబరం అడగకండి.

వాళ్ల ప్రార్థనా మందిరం సమాధుల జాబితాను ఇరవై ఏళ్లుగా ఆయనే పాత ఫాంటులో టైపు చేస్తున్నాడు. ఆ ఫాంటు ఫోన్లో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి. అందుకని ఒక పట్టిక కట్టాడు. రెండు వందల యాభై ఆరు గదులు. పాత అక్షరం నంబరున్న గదిలో దాని కొత్త అక్షరం. ప్రోగ్రాం ఒక్కో అక్షరాన్నీ అందులో చూసి మారుస్తుంది. మొదటి పేజీ చక్కగా వచ్చింది. ఇద్దరం జిలేబీ తిన్నాం. జాబితా మందిరం పెద్దల ఫోన్లకు వెళ్లిపోయింది.

రెండు నెలలకు, డిసెంబరులో ఒక పొద్దున, ఆ మందిరానికే వెళ్లే సౌభాగ్యమ్మ ఒగరుస్తూ వచ్చింది.

"గడ్డపారలు పట్టుకొని మా పాప సమాధి కాడ నిలవడ్డరు బిడ్డా. లిస్టుల ఖాళీ ఉన్నదంటున్నరు. నువ్వే గదా రాసింది, జర చూడు."

బాప్తిస్మం కాకముందే పోయిన పసిబిడ్డలకు వాళ్లు పేరు రాయరు. ఒక నక్షత్రం వేసి, పక్కన తల్లి పేరు రాస్తారు. కొత్త జాబితాలో ఆమె పాప సమాధిది, నలభై మూడో నంబరు ఉంది. దాని పక్కన ఏమీ లేదు.

జయానందం తన పట్టిక తెరిచి గదులు వెతికాడు. అక్షరాలన్నిటికీ గదులు నింపాడు, నక్షత్రాన్ని మరిచాడు. నింపని గదిలో సున్నా ఉంటుందట. సీ భాషలో సున్నా వస్తే ఆ వరస అక్కడితో ఆఖరు. వెనకున్నదేదీ బయటికి రాదు.

వెంటనే మందిరం సెక్రటరీ గిడియోన్‌కు ఫోన్ చేశాడు.

"తవ్వుడు ఆపుండ్రి సారు. అది ఖాళీ జాగ కాదు, సౌభాగ్యమ్మ పాప ఉన్నది."

అప్పటికి జానెడు లోతు తవ్వారు. ఆపారు. సౌభాగ్యమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని కూలబడింది. నేను హమ్మయ్య అనుకుంటూ టీ చెప్పబోయాను.

జయానందం మాత్రం పాత కంప్యూటరులో నక్షత్రాలు లెక్కపెడుతున్నాడు. పదకొండు. ఈ రెండు నెలల్లో ఎక్కడెక్కడ పూడ్చారో గిడియోన్‌ను ఒక్కో నంబరూ అడిగాడు. ఒక నంబరు దగ్గర పెన్ను ఆగింది; అక్కడ అప్పటికే ఇంకొకరిని పూడ్చేశారు. పదిహేడు.

"ఎవలది?" అని సౌభాగ్యమ్మ మెల్లగా అడిగింది.

"లిల్లీ బాబుది."

నిజాంపేట లిల్లీ ఏటా క్రిస్మస్ పొద్దున కొవ్వొత్తి పట్టుకుని వస్తుంది. గోడ మీది క్యాలెండరు వైపు ముగ్గురం చూశాం. ఇంకా తొమ్మిది రోజులున్నాయి.