బాపయ్య మేడపడవ, బావగారి బరువు

బాపయ్యకు చిన్నవంటే గిట్టదు. సంతకెళితే అన్నిట్లోకీ పెద్ద పుచ్చకాయే కొనాలి, అది ఇంటికొచ్చేలోగా రెండుసార్లు కింద పడాలి. అలాంటి మనిషి పడవ కట్టిస్తే ఊరుకుంటాడా? దానిమీద మేడ వేశాడు.

రేపల్లె దిగువన, సముద్రానికి కూతవేటు దూరంలో వాళ్ల పల్లె. కూతవేటే గానీ మధ్యలో ఉప్పుటేరు అడ్డం. పైనుంచి పొలాల నీళ్లూ కాలవల నీళ్లూ వచ్చి అందులో పడతాయి. కింది నుంచి సముద్రం పోటెత్తి లోపలికొస్తుంది. రెండూ కలిసి మడచెట్ల మధ్య చెరువులా పరుచుకుంటాయి. నీళ్లు తీసే పాటు వేళకు మళ్లీ, ఏరు సముద్రంలో కలిసే మొగ దాకా జారుకుంటాయి. ఆ నీటిమీద ఏళ్ల తరబడి జనాన్ని అవతలి గట్టుకు దాటించాడు బాపయ్య.

తర్వాత వంతెన వచ్చింది. అది దానంతటది రాలేదు. బాపయ్య భార్య వెంకటసుబ్బులుకు అన్న బసవేశ్వరరావు ఉన్నాడు. ఆయన ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి తెప్పించాడు. ఊరంతా ఆయనకు దండలేసింది. బాపయ్య మాత్రం రేవులో నిలబడి, "ఆయన కాలు నా పడవలో పడిందా, ఆ పడవకి నేనే చిల్లు పెడతా!" అని ఒట్టేశాడు. అప్పట్నించీ ఇద్దరికీ మాటల్లేవు.

వంతెన ఉండగా పడవెక్కేదెవరు? ఇక మొగ దాకా షికారు తిప్పుదామని ఉన్నదంతా ఊడ్చి మేడపడవ కట్టించాడు. వంతెన కింద ఎత్తు తానే గెడ నిలబెట్టి కొలిచాడు. పాటు వేళ కొలిచాడు.

"పోటు మీద కూడా ఓసారి చూడయ్యా" అంది వెంకటసుబ్బులు.

"నీళ్లలో పుట్టినోణ్ణి! నాకు పోటు గురించి చెప్తావేంటే?" అన్నాడు బాపయ్య. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

మొదటి షికారుకు భట్టిప్రోలు నుంచి ప్రమీలారాణి టీచరూ, తోటి పంతులమ్మలూ వచ్చారు. పాటు మీద వెళ్లేటప్పుడు పడవ వంతెన కింద దర్జాగా దూరింది. మొగ చూశారు, పులిహోర తిన్నారు. తిరిగొచ్చేసరికి అమావాస్య పోటు. వంతెన కింద సగం దూరాక మేడ కప్పు కిర్రుమంది. పడవ నిలిచిపోయింది.

"ఇరుక్కున్నామా అండి?" అంది టీచరు.

"లేదండి. ఆగాం" అన్నాడు బాపయ్య.

నీళ్లు పెరుగుతున్నాయి. కప్పు మళ్లీ మూలిగింది. ఇంకాసేపు ఇలాగే ఉంటే మేడ నుజ్జయిపోతుంది, దాంతో తన బతుకుతెరువూ పోతుంది. వంతెన మీద ఊరంతా చేరి తలా ఒక సలహా పడేసింది. మేడ కోసెయ్యమన్నాడొకడు. వంతెన కోసెయ్యమన్నాడింకొకడు.

"బరువేస్తే పడవ దిగుద్ది! సలహాలు చాలు, మీరే ఎక్కండి!" అని కేకలేసింది వెంకటసుబ్బులు.

జనం చిన్న పడవల్లో బిలబిలమంటూ వచ్చి వెనకవైపు ఎక్కారు. వెనక దిగితే ముందు లేస్తుందన్న సంగతి, నీళ్లలోనే పుట్టి పెరిగిన ఆ మహానుభావుల్లో ఒక్కరికీ తట్టలేదు. కప్పు ఫెళ్లుమంది. "ముందుకెళ్లండ్రా!" అని బాపయ్య గగ్గోలు పెట్టాడు. అందరూ వంగి, పాక్కుంటూ ముందుకు పోయారు. టీచర్లు పులిహోర గిన్నె కూడా ముందుకు జరిపారు. పడవ దిగింది. ఇంకా రెండు వేళ్ల మందం దిగాలి.

వంతెన మీద మిగిలింది అన్నాచెల్లెళ్లిద్దరే. బసవేశ్వరరావు ఆటో ఎక్కితే డ్రైవరు ఇంకో మనిషి కోసం చూడడు. పడవలో అందరికీ ఆయనే గుర్తొచ్చాడు గానీ ఎవరూ పేరెత్తలేదు.

"పిలుస్తావా, పగలగొట్టుకుంటావా?" అని పైనుంచి అరిచింది వెంకటసుబ్బులు.

బాపయ్య కప్పు వంక చూశాడు, నీళ్ల వంక చూశాడు. కళ్లు చెమర్చాయి. "బావా! ఎక్కు బావా!" అని గొంతు చించుకున్నాడు.

బసవేశ్వరరావు వచ్చాడు. వంగలేడు కాబట్టి దొర్లుకుంటూ వచ్చి పడవ ముక్కు దగ్గర చతికిలబడ్డాడు. పడవ ఒక్కసారిగా దిగింది. గెడలేశారు. గీసుకుంటూ, మూలుగుతూ మేడ క్షేమంగా బయటపడింది. జనం ఈలలేశారు.

"చిల్లెప్పుడు పెడతావు బావా?" అన్నాడు బసవేశ్వరరావు.

"ముందు పులిహోర తిను" అన్నాడు బాపయ్య.

ఇప్పుడు పోటు మీద మేడపడవ వంతెన దాటాలంటే ముక్కు దగ్గర బసవేశ్వరరావు ఉండాల్సిందే. బజ్జీలు తింటూ కూర్చుంటాడు. ఇద్దరూ రేవు నుంచి మొగ దాకా పోట్లాడుకుంటూనే పోతారు. మేడ కాస్త తగ్గించుకోరాదా అని ఎవరన్నా అంటే బాపయ్య మండిపడతాడు.

మొన్న బావగారు పన్ను పీకించుకోవడానికి తెనాలి వెళ్లాడు. ఆ రోజే బాపట్ల నుంచి షికారుకని జనం వచ్చి రేవులో నిలబడ్డారు. బాపయ్య పడవ కట్టు విప్పలేదు.

"పోయొచ్చేదాకా పాటే గదయ్యా! వంతెన కింద ఏనుగైనా దూరుద్ది. తియ్యవేంటి?" అంది వెంకటసుబ్బులు.

బాపయ్య తెనాలి బస్సొచ్చే రోడ్డు వంక చూస్తూ, "బరువు చాలదు" అన్నాడు.